ఒక్కసారే పిలవాలి

ఉత్తర చైనాలో మా హార్బిన్‌లో చలికాలం వస్తే నాలుగింటికే చీకటి. మా ఆయన పోయాక అది మరీ ముందే పడుతున్నట్టుంది. అందుకే కాలనీ గదిలో సాయంత్రాలు పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెబుతున్నాను. జీతం కోసం కాదు, నాలుగు గొంతులు వినపడతాయని.

ఆ రోజు పాఠం ‘ఇన్వైట్’ అనే క్రియ. ఏరికోరి పాంగ్ కోసమే పెట్టాను. అతను హోటల్ కారు నడుపుతాడు. కిందటి వారం ఒక విదేశీ అతిథిని తన ఇంటికి భోజనానికి రమ్మని, ఆయన వద్దన్నకొద్దీ పిలిచి, చివరికి చెయ్యి పట్టుకుని లాగి, మేనేజరు చేత చీవాట్లు తిన్నాడు.

“మర్యాదకి వద్దన్నాడనుకున్నా టీచర్ గారూ! పిలవగానే వచ్చేస్తే తిండికి మొహంవాచాడనుకోరూ?” అన్నాడు.

క్లాసంతా గొల్లున నవ్వింది. నేను బల్ల మీద గట్టిగా కొట్టాను.

“అది మన దగ్గర. మనం పిలవాలి, వాళ్లు వద్దనాలి, మళ్లీ పిలవాలి, మళ్లీ వద్దనాలి, మూడోసారికి బూట్లు తొడుక్కోవాలి. ఇంగ్లీషువాళ్లకి అంత ఓపిక లేదు. ఇన్వైట్ అంటే ఒక్కసారి పిలవడం. వద్దంటే వద్దనే! నవ్వి, సరే అని ఊరుకోవాలి. ఈ గదిలో ఇక ఇదే పద్ధతి, నాతో అయినా సరే. బుర్రకెక్కిందా?”

“ఎక్కింది టీచర్ గారూ,” అన్నాడు పాంగ్.

క్లాసు అవగానే అందరూ గబగబా వెళ్లిపోయారు. ఏడాదిలో అతి పొట్టి పగలు ఆ రోజే, మాకది పండగ. ఇంటింటా మాంసం కుడుములు ఉడుకుతుంటాయి. తినకపోతే చెవులు గడ్డకట్టి ఊడిపోతాయని పిల్లల్ని బెదిరిస్తారు. నా ఒక్కదానికోసం పిండి కలపబుద్ధి కాలేదు.

పాంగ్ గుమ్మం దగ్గర ఆగాడు. “టీచర్ గారూ, మా ఇంటికి రండి. మా ఆవిడ గొర్రెమాంసం పెట్టి కుడుములు చేసింది. కారులో తీసుకెళ్తా.”

నాకు ప్రాణం లేచి వచ్చింది. నోరు మాత్రం దాని అలవాటు మానలేదు. “అయ్యో, వద్దులే బాబూ! పండగపూట మీకెందుకు శ్రమ?” అంటూనే కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాను.

అతను నవ్వాడు. “సరే టీచర్ గారూ,” అని వెళ్లిపోయాడు.

నేను ఆదరాబాదరా మెట్లు దిగాను. అతను కారు అద్దం దించాడు.

“ఏమైనా మరిచిపోయారా?”

మళ్లీ పిలవవేమయ్యా అని ఏ మొహం పెట్టుకుని అడగను? “రోడ్డంతా మంచు. మెల్లగా వెళ్లు,” అన్నాను.

“ఈసారి ఒక్కసారే పిలిచా, చూశారా? తప్పు చెయ్యలేదుగా?”

“లేదు బాబూ. బాగా నేర్చుకున్నావు.”

అతను మురిసిపోతూ కారు కదిలించాడు. నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. ఇంకొక్కసారి పిలిచి ఉంటే వెళ్లేదాన్ని. మూడోసారి దాకా కూడా ఆగేదాన్ని కాదు.