మలుపు దగ్గరి గుంత

నీళ్ళు ఊడ్చేశాక, దిమ్మిసతో కంకర మోది గట్టిపరిచే దిమ్మిస బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతి దాకా చెయ్యి గుంతలోకి పోనిచ్చాడు. రోడ్డు పనిలో మరెవరూ అలా చెయ్యరు. వేళ్ళకు గరుకుగా కుండ పెంకు తగిలింది. ప్రతి వానకూ ఈ మలుపులో అదే తగులుతుంది. చెవిలో సైకిలు చక్రం తిరుగుతున్న చప్పుడు మొదలైంది.

"ఏంటి బాబాయ్, లంకెబిందెలా?" తారు డబ్బా దింపుతూ నవ్వాడు మేస్త్రి. "దీన్ని ఇంగ్లీషులో పాట్‌హోల్ అంటారు, తెలుసా? పాట్ అంటే కుండ. వెనకటికెక్కడో కుండలు చేసేవాళ్ళు మట్టి కోసం రోడ్లే తవ్వుకుపోయేవాళ్ళట. మా అమ్మాయేమో అదంతా కట్టుకథ, పాట్ అంటే గొయ్యి అని పాత అర్థం ఉందంటుంది. ఏది నమ్మాలో!"

"తవ్వే ఉంటారు," అన్నాడు బాబాయి.

అతని తండ్రి కుండలు చేసేవాడు. మన్ను ఇక్కడే తవ్వేవాడు. రోడ్డు పడుతోందని తెలిసి, కాల్చేటప్పుడు పగిలిన కుండలతో ఆ గోతిని నింపి, పైన నాలుగు తట్టల మట్టి కప్పాడు. లోపలంతా బోలు, వాన పడితే కుంగిపోతుంది. బాబాయికి పెళ్ళయిన ఏడాది వానల్లో, అతని సైకిలు వెనక కూర్చున్న భార్య ఈ గుంత కుదుపుకే ఎగిరిపడింది. ఆమె మళ్ళీ లేవలేదు. పక్కన పడ్డ సైకిలు చక్రం మాత్రం చాలాసేపు తిరిగింది. ఆ తరవాతే అతను రోడ్డు పని అడిగి మరీ చేరాడు.

"ఈసారి అడుగుదాకా తీసేద్దాం."

"ఇంకా బోలెడు గుంతలున్నాయి బాబాయ్! పైపైన పోసి పోదాం."

"వచ్చే నెల నన్ను ఇంటికి పంపేస్తున్నారు కదరా. తరవాత దీన్నెవరు చూస్తారు?"

మేస్త్రి గొణుక్కుంటూనే గునపం అందించాడు.

పెంకులు ఒక్కొక్కటే గట్టుకెక్కాయి. మధ్యాహ్నానికి గట్టి నేల తగిలింది. బాబాయి కంకర పొరలుపొరలుగా పరిచి దిమ్మిస వేశాడు. ప్రతి దెబ్బా గుండెలో పడ్డట్టుంది. చెవిలో చక్రం తిరుగుతూనే ఉంది. పైన తారు పోసి చదును చేశాక, అది మెల్లగా ఆగింది. అతను వెళ్ళి రోడ్డు పక్క గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"బాబాయ్, టీ చల్లారిపోతోంది," అన్నాడు మేస్త్రి. మళ్ళీ పిలిచాడు. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. బాబాయి తల పక్కకి వాలిపోయింది. గ్లాసు కింద పెట్టేశాడు.

అతణ్ణి తీసుకువెళ్ళాక వాన పట్టుకుంది. మలుపులో బళ్ళు కుదుపు లేకుండా సాగిపోతున్నాయి. గట్టు మీది పెంకుల కుప్పలో ఒక కుండ మెడ ముక్క, దాని మీద పచ్చిగా ఉన్నప్పుడు బాబాయి తండ్రి బొటనవేలు నొక్కిన సొట్ట, అందులో నిండుతున్న నీళ్ళు.