అడిస్ అబాబాలో లాల

హోటలు గదిలో నేలమీద కాళ్ళు చాపుకొని కూర్చుని, నరసమ్మ ఎడమచేతి వేళ్ళను కుడిచేత్తో ఒక్కొక్కటే లాగుతోంది. లూసాకాలో కూడా లేవగానే ఇదే పని. చిటికెనవేలు మాట వింది, ఉంగరపువేలు వింది. నడిమివేలికి మాత్రం ఇంకా తెలివి రాలేదు. గదిలో తెల్లటి మెత్తటి మంచం ఉంది గానీ, దానిమీద కూర్చుంటే ఎవరైనా వచ్చి లేవమంటారేమోనని ఆమెకు అనుమానం.

లూసాకా విమానం పొద్దున్నే అడిస్ అబాబాలో దించింది. హైదరాబాదు విమానం మళ్ళీ పొద్దుగూకినాకే. అందాకా ఉండమని విమానం వాళ్ళు బస్సులో తెచ్చి ఇక్కడ వదిలారు. "ఊరికే గదిలో కూచోవద్దు పెద్దమ్మా, ఊరు చూడు. మళ్ళీ వస్తావా ఏంది ఇంత దూరం?" అని కృష్ణకుమారి సాగనంపుతూ చెప్పింది.

కృష్ణకుమారిది మార్కాపురం. భర్తకు ఆఫ్రికాలో, ఈ లూసాకాలో, ఇనపసామాన్ల దుకాణం. కాన్పుకు ముందే నరసమ్మను గిద్దలూరు నుంచి పిలిపించుకుంది. గొర్లు కాసే మొగుడు పోయిన దగ్గర్నుంచి నరసమ్మకు తెలిసిన పని పసిబిడ్డలకు లాలపోయడం ఒక్కటే. ఇప్పుడు గిద్దలూరులో ఆటోలు తోలేవాళ్ళు, బ్యాంకులో కూర్చునేవాళ్ళు ఎంతమంది ఆమె కాళ్ళమీద బోర్లా పడుకొని ఏడ్చారో! బస్టాండులో గుండ్రటి తల ఏదైనా కనబడితే, ఇది మన చేతి పనేనేమో అని లోలోపల మురిసిపోయేది.

లూసాకాలో ఒకరోజు ఎడమచెయ్యి ఉన్నట్టుండి ఆమెది కాకుండా పోయింది. కాళ్ళమీది బిడ్డ జారి తడినేలమీదికి దొర్లింది. జానెడు ఎత్తు. దెబ్బ తగల్లేదు, బిడ్డ ఏడవనైనా లేదు. కృష్ణకుమారి ఒక్క మాట అనకుండా వచ్చి బిడ్డను ఎత్తుకుంది. మర్నాడు, "నువ్వు బాగా అలసిపోయినావు పెద్దమ్మా, టిక్కెట్టు ముందుకు మార్పించినాం" అంది. తిట్టి ఉంటే ఆ తిట్టును పట్టుకొని ఏడ్చేది. తిట్టకపోయేసరికి పట్టుకోవడానికేమీ దొరకలేదు.

ఫోను మోగింది. గిద్దలూరులో పక్కింటి సుధారాణి.

"అత్తా, ఏడున్నావ్? ఏనుగుల్ని చూసినావా?"

"ఏనుగులేంది పాపా, బిడ్డ పీతిగుడ్డలు తప్ప ఏం చూడలే."

"ఇట్ల చెప్తే ఊర్లో ఎవురూ నమ్మరు. సింహం మీద ఎక్కినానని చెప్పు." సుధారాణి నవ్వి, గొంతు తగ్గించింది. "మా కూతురు ప్రియాంకకు నెలలు నిండినాయి. బిడ్డకు నీళ్ళు నువ్వే పొయ్యాల. ఇంకెవుర్నీ అడగలే. సరేనా?"

నరసమ్మ చెయ్యి వంక చూసుకుంది. "దిగినాక చెప్తా" అంది.

"చెప్పేదేముంది దాంట్లో?"

"దిగినాక చెప్తా అంటి గదా."

గదిలో ఉండబుద్ధి కాలేదు. కిందికి దిగితే, నున్నటి బండలమీద, ఏదో అక్కడి ఆచారంలాగ, పచ్చిగడ్డి పరిచి ఉంది. ఒకామె పీటమీద కూర్చుని పెనంలో కాఫీగింజలు వేయిస్తోంది. ఇంట్లో గడ్డిని తొక్కవచ్చో లేదో తెలియక నరసమ్మ చెప్పులు విడిచి చేత పట్టుకుంది. కాఫీ ఆమె నవ్వి, పిడిలేని చిన్న గిన్నెలో చేదుకాఫీ ఇచ్చింది. వాకిట్లో నిలబడి తాగుతుంటే రోడ్డుమీద, కార్ల మధ్యన, గొర్ల మంద. వెనక దుప్పటి కప్పుకొన్న మనిషి. కుంటుతున్న గొర్రెను మిగతావాటి మధ్యకు తోసి నడిపిస్తున్నాడు. మొగుడూ అట్లాగే చేసేవాడు. కుంటిదాన్ని వెనక వదిలితే దానికి బెంగ పుడుతుందనేవాడు. మంద మలుపు తిరిగేదాకా చూసి, ఊరు చూడడం అయిపోయిందనుకుంది.

పైకి వచ్చేసరికి ఎదురుగదిలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. తలుపు తీసే ఉంది. లూసాకా విమానంలో తనతో వచ్చిన నల్లటి పిల్ల, చిన్న వయసు తల్లి, బిడ్డను భుజాన వేసుకొని అటూ ఇటూ తిరుగుతోంది. బిడ్డతో పాటు తనూ ఏడుస్తోంది.

నరసమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. పోవద్దు అని చెయ్యి చెప్పింది. ఆ పిల్ల ఏమీ అడగలేదు, వచ్చి బిడ్డను ఆమె చేతుల్లో పెట్టేసింది. రొమ్ముమీద వేలు పెట్టుకొని, "గ్రేస్" అంది.

బిడ్డ పొట్ట బిగిసి ఉంది. నరసమ్మ మంచం మీద తెల్లతువ్వాలు పరిచి బిడ్డను పడుకోబెట్టింది. గ్రేస్ సంచిలోని నూనె తీసుకొని పొట్టమీద, వీపుమీద రుద్దింది. అదంతా కుడిచెయ్యే చేసింది. స్నానాలగదిలో కాళ్ళు చాపి కూర్చుంది. గ్రేస్ బకెట్టులో గోరువెచ్చటి నీళ్ళు పట్టి, చెంబు పక్కన పెట్టి, బిడ్డను తెచ్చి ఆమె కాళ్ళమీద బోర్లా వేసింది. చెంబు ఎత్తగానే, బిడ్డను ఆనుకున్న ఎడమచెయ్యి వణికింది.

నరసమ్మ చెంబు దించేసింది. ఈసారి జారనివ్వకూడదు. దాచనూ కూడదు.

"ఇది పట్టదు పాపా" అని గ్రేస్‌కు తెలుగులోనే చెప్పి, వణికే చేతిని ఎత్తి చూపించింది. "నువ్వు కూచో."

గ్రేస్ వచ్చి పక్కన కాళ్ళు చాపింది. బిడ్డ ఆ కాళ్ళమీదికి మారింది. నరసమ్మ ఆ పిల్ల అరచేతిని బిడ్డ రొమ్ముకింద ఆనించి, వేళ్ళు విప్పి, దానిమీద తన చెయ్యి వేసి నొక్కింది. "గట్టిగా కాదు, వదులుగా కాదు. ఆఁ, అట్ల." బిడ్డను పట్టింది తన చెయ్యి కాదని తెలుస్తూనే ఉంది. కుడిచేత్తో నీళ్ళు పోసింది. బిడ్డ ఒళ్ళు వదిలేసి, పొట్టలోని గాలి గట్టిగా వదిలింది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

"అబ్బో, దీనికా ఇంత రాద్ధాంతం చేస్తివి, దొంగముండా!" అంది నరసమ్మ.

చివరి పుడిసెడు నీళ్ళు బిడ్డ చుట్టూ తిప్పి పారబోసి, శ్రీరామరక్ష అంది. ఆ పిల్లకేం అర్థమైందో, తల వంచింది.

మధ్యాహ్నం గ్రేస్ బస్సు వచ్చింది. నిద్రపోతున్న బిడ్డను గుడ్డతో వీపుకు కట్టుకొని, గ్రేస్ నరసమ్మ ఎడమచేతిని రెండు చేతుల్లోకి తీసుకొని కాసేపు పట్టుకొని వెళ్ళిపోయింది. నరసమ్మ ఫోను తీసి సుధారాణికి చేసింది.

"పాపా, ప్రియాంక బిడ్డకు నేను నీళ్ళు పొయ్యను."

"అదేంది అత్తా? ఆఫ్రికా పోయొచ్చి గొప్పదానివైపోయినావా?"

"నా ఎడమచెయ్యి పట్టుదప్పింది. ప్రియాంక కాళ్ళు చాపి కూచుంటుంది. నేను పక్కన కూచోని చూపిస్తా. నీళ్ళు దాని చేత్తోనే పోసుకోవాల."

"మరి ఏడ్చే బిడ్డను తిట్టేది ఎవురు అత్తా?" అంది సుధారాణి.

"తిట్టేదానికి చెయ్యెందుకే? నోరుంది గదా!"

పొద్దు వాలేసరికి కింద ఆమె బస్సు హారను మోగింది. నరసమ్మ సంచి భుజాన వేసుకొని, ఎదురుగది తలుపు దగ్గరగా వేద్దామని వెళ్ళింది. ఎప్పుడైనా లాల పోసిన ఇంట నూనెగుడ్డలు ఉతికి ఆరేస్తే గానీ ఆమె అక్కణ్ణుంచి కదిలేది కాదు. లోపలికి పోయి తువ్వాలు తీద్దామని చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. మంచం మీద అది పరిచినట్టే తెల్లగా ఉంది, నడిమధ్యన జానెడు వీపు, రెండు చిన్న పిరుదులు నూనెతో అచ్చుపడి.