మెల్లగా రా

సింకు కింద వెల్లకిలా పడుకుని, పళ్ళ మధ్య టార్చి బిగించి, పైపుల బాబాయి నట్టు తిప్పుతున్నాడు. నట్టు కదలనంటోంది. గోడ మీది గడియారం మాత్రం ఆగనంటోంది. పన్నెండున్నర. మూడింటికి భార్యను గుండె ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్తారు. రెండింటికల్లా అతను ఆ మంచం పక్కన ఉండాలి. బస్సులో గంట ప్రయాణం.

ఆసుపత్రిలో మరదలు తోడుంది. "పొద్దుట్నుంచీ నా మొహం చూస్తూ కూర్చుని ఏం చేస్తారు? ఆ ఒక్క ఇల్లూ చూసి రండి" అని భార్యే పంపింది. ఆ కాలనీలో ఒక్క ఇల్లంటూ ఎక్కడ ఏడ్చింది? ముప్పై ఏళ్ళ కిందట నగరం అంచున కట్టారు. నగరం దాన్ని దాటుకుని ఎటో పోయింది గానీ వాళ్ళెవరూ కదల్లేదు. అప్పుడు కొత్త కాపురానికొచ్చిన జంటలు ఇప్పుడు మనవల సైకిళ్ళకు గాలి కొడుతున్నారు. ప్రతి గోడలోనూ అతను వేసిన పైపే. అవీ వాళ్ళతోపాటే ముసలివయ్యాయి.

పైగా 'కుదరదు' అనే మాట అతని నోట రాదు. భార్య ఎంత పోరినా నేర్చుకోలేదు.

నట్టు సంగతి తేల్చి బయటికొచ్చేసరికి పక్కింటి టీచరమ్మ గేటు దగ్గరే ఉంది.

"బాబాయ్, ఐదంటే ఐదు నిమిషాలు. బాత్రూంలో కుళాయి ఆగట్లేదు."

"ఇవాళ మా ఆవిడకి ఆపరేషనమ్మా..."

"అయ్యో! ముందే చెప్పొద్దూ? వెళ్ళు, వెళ్ళు."

ఆమె నిజంగానే వెళ్ళమంది. కానీ లోపల్నుంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. అతని కాళ్ళు ఆ చప్పుడు వైపే నడిచాయి.

కుళాయి తిప్పీ తిప్పగానే ఊడి చేతికొచ్చింది. నీళ్ళు మొహం మీదికి ఎగదన్నాయి. అరచేత్తో రంధ్రం అదిమిపట్టి, "మేడ మీద వాల్వు కట్టెయ్యండమ్మా!" అని అరిచాడు. ఒంటిగంటా పది. బస్సు తప్పిపోయేలా ఉంది. అప్పుడే జేబులో ఫోను మోగింది. భార్య.

"డాక్టరు..." అంది. నీళ్ళ హోరు. "...ఇవాళ..." మళ్ళీ హోరు. "వస్తానండీ."

పోయిన వారమూ ఇంతే. డాక్టరుకి వీలుపడక వాయిదా వేస్తే సంచీ సర్దుకుని ఇంటికొచ్చేసింది. మళ్ళీ అదే అయిందన్నమాట. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"మెల్లగా రా! తొందరేం లేదు!" అని అరిచాడు.

అవతల నవ్వు వినిపించింది. ఫోను ఆగిపోయింది.

ఇక పరుగెందుకు? తీరిగ్గా కొత్త కుళాయి బిగించాడు. ఎదురింటి రిటైర్డు గుమాస్తా పిలిస్తే ట్యాంకూ చూశాడు. ఈల కూడా వేశాడు. మూడున్నరకు మేడ మెట్లు దిగుతుంటే మరదలి ఫోను వచ్చింది.

"బావా, ఎక్కడున్నావ్? అక్క..." ఆ తర్వాత ఏడుపే.

అతను వెళ్ళేసరికి మరదలు వార్డు గుమ్మంలో నిలబడి ఉంది. డాక్టరు ముందే వచ్చి, ఒంటిగంట దాటగానే లోపలికి తీసుకెళ్ళమన్నాడట. గుండె తట్టుకోలేదట.

"నీకు చెప్పే వెళ్ళింది కదా బావా. రాలేదేం?"

వస్తానండీ. గడప దాటే మనిషి వెళ్తానని ఎప్పుడంది? కూరగాయల సంచీ పట్టుకుని బయల్దేరిన ప్రతిసారీ ఆమె చెప్పింది ఆ మాటే. ఇవాళ పొద్దున అతను చెప్పి వచ్చిందీ ఆ మాటే. తనకు కావలసిన అర్థం తనే తీసుకున్నాడు.

"మెల్లగా రమ్మన్నావటగా," అంది మరదలు కళ్ళు తుడుచుకుంటూ. "తోపుడు మంచం మీద పడుకుని ఒకటే నవ్వు. 'చూశావటే మీ బావని, నేను లేకపోతే హాయిగా ఉన్నట్టుంది' అని."

అతను నోరు తెరిచాడు. జరిగింది చెబితే ఆ నవ్వు కూడా మిగలదు. "అవును, అన్నాను" అని మాత్రం అన్నాడు.

ఖాళీ మంచం అంచున కూర్చున్నాడు. తను మంచినీళ్ళయినా ముట్టకూడని మనిషి, ఆయన ఎండన పడి వస్తారని చెల్లెలి చేత తెప్పించి ఉంచిందట. పక్కన బల్ల మీద, సాసరు మూతపెట్టిన గ్లాసులో, టీ తెట్టు కట్టి నిండుగా అలాగే ఉంది.