తల్లి సంతకం

అన్నం మెత్తగా చిదిమి, చారు కలిపి, గుడ్డలో వడగట్టి చెంచాతో పోస్తేగాని మా అమ్మాయి కామేశ్వరి మింగేది కాదు. పూటకి గంటన్నర పట్టేది. మధ్యలో మూర్ఛ వచ్చిందంటే మళ్ళీ మొదటికే. "ఇంట్లో కూర్చుని నువ్వు చేసేదేవుంది?" అనేవారు మా ఆయన. ఆయన కొత్తపేట హైస్కూల్లో లెక్కల మాస్టారు.

పిల్లకి తొమ్మిదో నెలలో జ్వరం తగిలి, దాంతోపాటు మొదటి ఫిట్సు వచ్చింది. అప్పటికి "అమ్మ", "తాత" అనేది, గోడ పట్టుకుని నిలబడేది. ఏడాది తిరిగేసరికి నిలబడడం పోయింది. తర్వాత కూర్చోవడం, మాటలు, ఆఖరికి నన్ను చూసి నవ్వడం కూడా పోయింది. "ఆవేళ నువ్వు తలంటేవుగా, అదే నెత్తికెక్కింది" అన్నారు అత్తగారు వెంకటరమణమ్మగారు. ఆవిడ అన్నది ఒక్కసారే. నేను మాత్రం ఆరేళ్ళు రోజూ విన్నాను. చుట్టాలొస్తే పిల్లని వెనక గదిలో పెట్టి తలుపు వెయ్యమనేవారు. దాని అరుపు బయటికి వినబడకుండా దాని నోటికి నా భుజం అడ్డం పెట్టేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

డెబ్భై ఎనిమిదిలో కాకినాడలో ఓ ఆసుపత్రికి తీసుకెళ్ళాం, అత్తగారూ వచ్చారు. అక్కడ సువర్ణగారని, రాజోలు వైపు ఆవిడ, ఇలాంటి పిల్లల మీదే పరిశోధన చేస్తున్న డాక్టరు.

"రోజుకి ఎన్నిసార్లు వస్తాయండీ?" అని అడిగేరావిడ.

"రెండో మూడో" అన్నారు మా ఆయన.

"ఇరవైకి తక్కువుండవండీ" అన్నాను. "తల వాల్చేసేవి వేరు, ఒళ్ళంతా కొయ్యబారేవి వేరు."

ఆవిడ కుర్చీ నా వైపు జరుపుకున్నారు. నాకు తెలిసింది ఒకరు రాసుకోవడం అదే మొదలు.

వార్డులో చేర్చుకున్న పదమూడో రోజు పొద్దున్న మొదలైన మూర్ఛ ఎన్ని ఇంజక్షన్లిచ్చినా ఆగలేదు. మధ్యాహ్నానికి పిల్ల నా చేతుల్లోనే పోయింది.

కాసేపటికి సువర్ణగారు వచ్చి నా పక్కన నేలమీద కూర్చున్నారు. "అడక్కూడని వేళ అడుగుతున్నానమ్మా. ఈ జబ్బు మెదడులో ఎక్కడ పుడుతుందో మాకింకా తెలీదు. మీరొప్పుకుంటే పాప మెదడు పరీక్ష చేస్తాం. వార్డులో ఇదే జబ్బుతో ఇంకా నలుగురు పిల్లలున్నారు. వద్దంటే నేనేమీ అనుకోను."

"పిల్లని కోస్తారా!" అత్తగారు లేచేరు. "మా ఇంటి పిల్లండీ అది!"

ఆ మాట ఆవిడ నోట ఆరేళ్ళలో అప్పుడే విన్నాను.

"ఊళ్ళో నలుగురికీ ఏం చెబుతాం?" అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండా.

"తల్లి సంతకం సరిపోతుందాండీ?" అని అడిగాను.

"ఆయ్, సరిపోతుందమ్మా. బాగా ఆలోచించుకోండి."

"సంతకం పెట్టేవంటే నీ చేతి నీళ్ళు ముట్టను" అన్నారు అత్తగారు.

"ముట్టకండి అత్తయ్యగారూ. దాని తలలో ఏం బాధుందో ఒక్కరికైనా తెలియాలి."

సంతకం పెట్టాను. కాయితం తీసుకుని లేవబోతున్న డాక్టరుగారిని ఆపాను.

"పది నిమిషాలు ఆగండి. జడ వేసి ఇస్తాను."

ఆయాని అడిగి దువ్వెన తెచ్చుకుని, తల ఒళ్ళో పెట్టుకున్నాను. అది తల విదల్చలేదు. పాపిడి మొదటిసారి తిన్నగా వచ్చింది.