కాలువ మీద పోసిన సిమెంటు

పొద్దున్న ఆరున్నరకి లక్ష్మీనరసమ్మ పిండిమర షట్టరు ఎత్తేసరికి లోపల మోకాలి లోతు నీళ్ళున్నాయి. రెండు రోజులు ఆగకుండా కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది. తెలుగు రైల్వేవాళ్ళు స్థిరపడ్డ ఆ హిందీ ఊళ్ళో, తార్‌బహార్ వీధి ఆ చివర నీళ్ళు తీసేశాయి. ఆమె కొట్టు ముందు మాత్రం కదలడం లేదు.

మోటారు మునిగిపోయింది. పిండి తడిసి గోడలకి జిగురులా పట్టేసింది. జనం పేర్లు రాసి పెట్టి వెళ్ళిన గోధుమ డబ్బాలు కొన్ని తేలుతున్నాయి, కొన్ని మూతలూడి అడుగున పడున్నాయి. నీళ్ళ మీద మురికికాలువ వాసన.

ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపి లోపలికి దిగి, అక్కడ్నుంచి బయటికి చూసింది. రెండు కొట్ల అవతల బంగార్రాజు కొత్తగా తెరిచిన ఫ్రిజ్జుల షాపులో లైట్లు వెలుగుతున్నాయి. మెట్లు కూడా తడవలేదు.

మే నెలలో బంగార్రాజు తన షాపు ముందు కాలువని అటూ ఇటూ కప్పేస్తూ సిమెంటు పలక పోయించాడు. కార్లు నేరుగా షాపు దాకా ఎక్కడానికి. అప్పుడే ఆమె మూడుసార్లు చెప్పింది. "కింద గొట్టం ఏసినాను వదినా, నీకేటీ అవదు," అని నవ్వాడతను. గొట్టం జానెడు వెడల్పు. వీధి నీళ్ళన్నీ అందులోంచే పోవాలి.

ఆమె భర్త తిరుమలరావు లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ఇద్దరూ బక్కెట్లతో నీళ్ళు తోడుతుంటే అతనన్నాడు: "ఇప్పుడేటీ అనకు. ఆడి నాన్నా, మా నాన్నా ఒక్క రోజే రైల్వేల కలాసీలుగా చేరినారు. రేపు చవితి కమిటీలో మొహాలు సూసుకోవాల."

"ఆడు నా మొహం సూసినాడా?" అంది ఆమె. "మూడుసార్లెల్లి సెప్పినప్పుడు సూసినాడా?"

పదకొండు గంటలకి నష్టం రాసుకోవడానికి సర్కారు ఆఫీసు మనిషి వచ్చాడు. అతని చేతిలో ఫారాలన్నిటి మీదా కారణం దగ్గర 'అధిక వర్షం' అని ముందే రాసి ఉంది.

"వాన అక్కడా కురిసింది కదా," అందామె హిందీలో, ఫ్రిజ్జుల షాపు చూపిస్తూ. "అక్కడెందుకు మునగలేదు? కాలువ మూసేశారని రాయండి."

"దానికి ఇందులో చోటు లేదమ్మా. సంతకం పెడితే సాయం వస్తుంది, లేకపోతే లేదు."

ఆమె ఫారం తిరిగి అతని చేతిలో పెట్టింది. అతను పక్క కొట్టుకి వెళ్ళిపోయాడు.

"పిచ్చెక్కిందేటి నీకు?" అని తిరుమలరావు అరిచాడు. "ఒక్క సంతకం!"

"అబద్ధం కింద నానెట్టను."

అప్పుడే అప్పయమ్మ వచ్చింది. రైల్వే పెన్షను మీద ఒంటరిగా బతికే ముసలామె. నాలుగు రోజుల క్రితం టెక్కలిలో చెల్లెలిచ్చిన చోళ్ళు, అంటే రాగులు, సంచిలో పోసి ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెచ్చుకుంది. అంబలికి ఆ చోళ్ళే కావాలంటుంది. గోధుమ పొట్టు కలవకుండా మర రాళ్ళు తుడిచి ఆడి ఇచ్చేది లక్ష్మీనరసమ్మ ఒక్కతే కాబట్టి ఇక్కడ పెట్టి వెళ్ళింది.

ఆ సంచి ఉబ్బి, నల్లటి నీళ్ళు కారుతోంది. అప్పయమ్మ మెట్టు మీద కూర్చుని మూతి విప్పింది. గుప్పెడు తీసి వాసన చూసింది. కింద పోయబుద్ధి కాక, ఆ గుప్పెడు మళ్ళీ సంచిలోనే వేసింది.

లక్ష్మీనరసమ్మ లోపలికెళ్ళి గునపం తీసుకుని తిన్నగా బంగార్రాజు షాపు ముందుకి నడిచింది. సిమెంటు పలక నడిమధ్యన ఒక్క పోటు పొడిచింది. పెచ్చు లేచింది అంతే. మళ్ళీ పొడిచింది.

బంగార్రాజు పరుగెత్తుకొచ్చాడు. "ఏటి వదినా ఇది! ఆగు! పోలీసోల్ని పిలుస్తాను."

"పిలు! కాలువ నీ తాత తవ్వించినాడా? నీ కొట్లో ఒక్క సుక్క రానేదు. ఎలగొస్తాది? నీ వాటా నీళ్ళు కూడా నా కొట్లోకే తోసీసినావు!"

"వానకి నానేటి సేస్తాను?"

"వాన పేరెత్తకు!"

వీధంతా చేరింది. ఎవరూ చెయ్యి వేయలేదు. ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. పలక మీద గుంట చారెడు కూడా పడలేదు. అయినా పొడుస్తూనే ఉంది. తిరుమలరావు కాసేపు దూరం నుంచి చూశాడు. తరవాత ఇంటికెళ్ళి పాత సమ్మెట పట్టుకొచ్చాడు.

"నడిమధ్య కాదే," అన్నాడు చిరాగ్గా. "అంచు కాడ. గునపం అక్కడ నిలబెట్టు, నాను కొడతాను."

మధ్యాహ్నానికి అంచు విరిగింది. పలక రెండు ముక్కలై కూలింది. గొట్టం నోట్లో అడ్డుపడ్డ చెత్తని తిరుమలరావు గునపంతో లాగాడు. కవర్ల వెనక తెల్లటి థర్మోకోల్ ముక్కలు ఒకదాని మీదొకటి బయటపడ్డాయి. ఫ్రిజ్జుల పెట్టెల్లో వచ్చేవి. ఒక ముక్క మీద బంగార్రాజు షాపు చీటీ ఇంకా అంటుకునే ఉంది. నీళ్ళు ఒక్కసారిగా హోరుమని కదిలాయి. బంగార్రాజు జనం వైపు చూసి, లోపలికెళ్ళిపోయాడు.

మర్నాడు బంగార్రాజు వ్యాపార్ విహార్ టోకు బజారు నుంచి గోధుమ బస్తాలు వేయించుకుని ఆమె కొట్టు ముందు ఆటో దిగాడు.

"అందరి గోధుమలూ నానే ఇచ్చీస్తాను వదినా. గొడవొద్దు."

"నాకేల ఇస్తావు? డబ్బాల మీద పేర్లున్నాయి. మోసుకెల్లి ఇచ్చి, ఏటి సేసినావో నీ నోటితో నువ్వే సెప్పు."

అతను నాలుగిళ్ళకి తనే వెళ్ళాడు. మిగిలిన వాటికి పనివాళ్ళని పంపాడు. అప్పయమ్మ ఇంటికి ఎవరూ వెళ్ళలేదు.

మోటారు బాగుచేయించి మర మళ్ళీ తిప్పేసరికి పన్నెండు రోజులు పట్టింది. పక్క కొట్లకి సాయం వచ్చింది, ఆమెకి రాలేదు. ఈలోగా కాలువ మీద బంగార్రాజు ఇనప జాలీలు వేయించాడు. తరవాత చవితి చందా పుస్తకం పట్టుకుని వచ్చాడు.

"అప్పయమ్మ ఇంటికెల్లినావా?" అని అడిగింది ఆమె.

"ఇక్కడ చోళ్ళు దొరకనేదు వదినా."

"చోళ్ళు ఎవులడిగినారు? ఎల్లి ఆ ముసల్దాని ఎదర నిలబడు. అప్పుడు రా చందాకి."

రెండు రోజులకి అప్పయమ్మ గోధుమలు ఆడించుకోవడానికి వచ్చి, తనే చెప్పింది: "బంగార్రాజు వచ్చినాడమ్మా. తప్పయిపోనాది అన్నాడు."

"నువ్వేటన్నావు?"

"ఏటంటాను? పోనీలే నాయనా అన్నాను. టీ ఇచ్చినాను."

"టీ కూడా ఇచ్చినావా!" లక్ష్మీనరసమ్మ డబ్బా లాక్కుని గోధుమలన్నీ ఒక్క ఊపున మర తొట్టిలో కుమ్మరించింది.