జానెడు మిగిలిన గోరింట కంచె

నేను ఒక గోరింట కంచెను. కాలువ లాకుల పక్కన, సూపరింటెండెంటు గారి క్వార్టరు ముందు ఇంకా నిలబడి ఉన్నాను. అది నా మొండితనమే తప్ప వీళ్ల దయ కాదు.

లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు పేరయ్య ఓ వానాకాలంలో వేలెడంత కొమ్మలు గుచ్చి నన్ను పుట్టించాడు. ఆయన కూతురు అచ్చియ్యమ్మ కాలువ నీళ్లు మోసి పోసింది. మేకలు కొరికినా చిగిర్చాను. మేకలు నయం, మళ్లీ చిగిర్చేదాకా ఆగేవి.

మనుషులు ఆగరు. ఆషాఢం వచ్చిందంటే వీధి వీధంతా నా మీద పడేది. చేతికందిన కొమ్మనల్లా దూసేసేవారు. మర్నాడు అరచేతులు చూసుకుని, "ఎంత ఎర్రగా పండిందో! మంచి మొగుడొస్తాడే!" అని మురిసిపోయేవారు. రాబోయే మొగుణ్ని తలుచుకున్నారు గాని నన్ను తలుచుకున్నవాళ్లు లేరు.

ఆ తర్వాత భానుమూర్తి గారు సూపరింటెండెంటుగా వచ్చారు. నీటిమట్టం కొలిచే మనిషి కదా, నన్నూ మట్టంగా చూడాలనుకున్నారు. వారంవారం దారం కట్టి నా నెత్తి గొరిగేవారు. పైన గొడుగులా గుబురెక్కాను, కింద ఎండ సోకక పుల్లలు తేలాయి. ఆ సందుల్లోంచి కుక్కలు దూరాయి. రోహిణి కార్తెలో, చుక్క నీళ్లు పెట్టకుండా, నా మొదలు చుట్టూ దోసిళ్లతో యూరియా పోశారు. సగం మాడిపోయాను.

"దండగమారి కంచె. పీకించేసి గోడ కట్టిద్దాం," అన్నారు.

చేసిందంతా చేసి దండగమారిని నేనా! ఒళ్లు మండిపోయింది.

"ఈ ఒక్క వానాకాలం చూద్దామండీ. అప్పటికీ లేవకపోతే గోడే," అని ఆయన భార్య సుభద్ర గారు ఆయన్ని ఆపి, అచ్చియ్యమ్మకు కబురంపారు.

అచ్చియ్యమ్మ గోటితో నా బెరడు గీరి చూసింది. "లోపల పచ్చగానే ఉందండి. నెత్తి గొరిగితే మొదలు బాగుపడుద్దా అండీ?" అంది. ఏరువాక జల్లులు పడగానే కత్తి తెచ్చి, జానెడు మిగిల్చి నరికేసింది. నీళ్లు పోసిన చెయ్యే! ఎన్ని శాపనార్థాలు పెట్టానో. ఆమె యూరియా మట్టి తవ్వి పారబోసి, చివికిన పశువుల ఎరువు వేసి, పైన ఎండుటాకులు కప్పింది. పదో రోజుకల్లా మొదళ్లలోంచి చిగుళ్లు వచ్చాయి. పెట్టిన శాపాలు ఎలా వెనక్కి తీసుకోవాలో నాకు తెలియలేదు.

అంతలోనే ఆషాఢం. గిన్నెలతో ఆడవాళ్లు దిగారు. అచ్చియ్యమ్మ అడ్డం నిలబడింది.

"ఇప్పుడు దూశారంటే చచ్చిపోద్దండి. పై యేడు రండి."

"ఆషాఢంలో గోరింటాకు లేదంటుందా ఇది!" అని మూతులు తిప్పుకుంటూ పోయారు. సుభద్ర గారు బజారు కోను పెట్టుకున్నారు. మూడో రోజుకే వెలిసిపోయింది.

మరుసటి ఆషాఢానికి నేల నుంచి నడుమెత్తు దాకా నిండా ఆకే. గోడ మాట పోయింది. సుభద్ర గారు తొలి ఆకు రుబ్బి, అచ్చియ్యమ్మ చెయ్యి లాక్కుని పెట్టారు. "మట్టి చేతులకెందుకమ్మగారూ," అంటూనే ఆమె చెయ్యి చాపింది. వీధిలో అందరికీ పండాను, నాకు నీళ్లు పోసిన చేతికి పండటం అదే మొదలు. ఇన్నేళ్లూ నేను మాత్రం ఆమెను తలుచుకున్నానా? సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే భానుమూర్తి గారు దారం ఉండ, కత్తెర పట్టుకుని వచ్చారు. "నెత్తి కాస్త ఎగుడుదిగుడుగా ఉంది," అన్నారు. ఈ మనిషి మారితే కదా!

"ఆగండయ్యగారూ!"

నాకూ కత్తెరకూ మధ్యన ఓ అరచెయ్యి అడ్డం వచ్చింది. ఎర్రగా పండి ఉంది.