ఒక లైను వెనక్కి

జబ్బు చేసినవాళ్లను చూడటానికి కొందరు పళ్లు పట్టుకొస్తారు, కొందరు పుస్తకాలు పట్టుకొస్తారు. పళ్లవాళ్లతో పేచీ లేదు. "హాయిగా పడుకుని చదువుకో, ఇంతకన్నా మంచి అవకాశం మళ్లీ రాదు" అని చెప్పి వెళ్లిన మహానుభావులందరికీ ఒక్కసారి నాకొచ్చిన జ్వరం రావాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

నేను ప్రూఫులు దిద్దే మనిషిని. అచ్చు కాగితం కనిపిస్తే చాలు, పకోడీ పొట్లమైనా విప్పి చదివే రకం. అలాంటిది ఊపిరితిత్తులకు జబ్బు చేసి, కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉండి, ఇంటికొచ్చి మంచం ఎక్కాక చదువు నన్ను వదిలేసింది. కళ్లు బాగానే ఉన్నాయి. లైను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చదివేదాన్ని. చదవడం అయిపోయేది, లోపల మాత్రం ఏమీ కదిలేది కాదు. మందు సీసా మీద రాసిందీ నవలలో రాసిందీ ఒకేలా ఉండేవి. ఏడుపొచ్చేది. జుట్టు రాలింది, ఒళ్లు సగమైంది, వాటికి బెంగ పెట్టుకోలేదు. ఇది కూడా పోతే ఇక నేనంటూ ఎవర్నని భయం పట్టుకుంది.

మా ప్రెస్సులో ప్రూఫులు ఇద్దరు కూర్చుని చూస్తారు. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే, రెండోవారు పెన్సిలు పట్టుకుని అచ్చు కాగితంలో వెంట వెళ్లాలి. చదివేవాళ్లు కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకి అనాలి. నాకు చదివిపెట్టేది కామా బాబాయి. చుట్టరికమేమీ లేదు, ప్రెస్సంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. "ఆమె లేచింది కామా తలుపు తీసింది కామా బయట ఎవరూ లేరు ఫుల్‌స్టాప్" అంటూ ఎంత గుండెలు బాదుకునే కథనైనా కూరగాయల ధరలు చెప్పినట్టు చదివేవాడు. నేను నవ్వితే కళ్లజోడు పైనుంచి చూసేవాడు. ఎక్కడ తప్పు కనిపించినా నోటితో చెప్పడు, రెండు చిన్న దగ్గులు దగ్గుతాడు. టీకి లేచి వచ్చినా, మర్నాడు పొద్దున్న కూర్చున్నా, ఆపిన చోట మొదలుపెట్టడు. ఒక లైను వెనక్కి వెళ్లి అక్కడి నుంచి ఎత్తుకుంటాడు. మధ్యలో ఏదీ జారిపోకుండా అన్నమాట.

ఆస్పత్రికి వెళ్లకముందు నేనొక నవల మొదలుపెట్టాను. అది మా ప్రెస్సులో అచ్చయింది కాదు. లాడ్జి నడిపే ఒకావిడ, పై గదిలో దిగి ఎప్పుడూ కిందికి రాని ఒక మనిషి. ఆవిడ తాళంచెవి తీసుకుని మెట్లెక్కే చోట ఆపి, గుర్తుగా పాత ప్రూఫు కాగితం ముక్క పెట్టుకున్నాను. ఇంటికొచ్చేసరికి ఆ పుస్తకం మంచం పక్కన స్టూలు మీదే ఉంది. మా అక్క దాని మీద నా మందుల పెట్టె పెట్టింది.

నన్ను చూసుకోవడానికే అక్క వచ్చింది. మధ్యాహ్నం నాకు జావ పట్టించి తను పక్క గదిలో నడుం వాల్చేది. మా ఆయన తన టైలరింగ్ షాపులో ఉండేవారు. సరిగ్గా అప్పుడే జ్వరం పెరిగేది. నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని, అటు పడుకుంటేనే దగ్గు రాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం నా వెనక కుర్చీ కిర్రుమంది. "ఆమె తాళంచెవి కొంగున ముడివేసుకుంది కామా" అని ఎవరో చదవడం మొదలుపెట్టారు.

ఎవరని నేను అడగలేదు. ఆ ఓపికే ఉంటే నేనే చదువుకుందును కదా. బాబాయి చూడటానికొచ్చాడు, ఊరికే కూర్చోలేక చదువుతున్నాడు అనుకున్నాను. వింటూ వింటూ ఉంటే, మెట్ల మీద ఆవిడ కాళ్లు వణకడం నా కాళ్లకు తెలిసింది. ఎన్నాళ్ల తర్వాతో ఒక మాట లోపలికి వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత రోజూ అంతే. ఒక లైను వెనక్కి, అక్కడి నుంచి ముందుకు. ఒక రోజు చదువుతూ చదువుతూ రెండు చిన్న దగ్గులు దగ్గాడు. ఎక్కడున్నా ఈయన బుద్ధి మారదని నాలో నేను నవ్వుకున్నాను. చివరి రోజు, "పైన నడుస్తున్న చప్పుడు ఆగిపోయింది ఫుల్‌స్టాప్" అని చదివి, "ఇక్కడ ఆపుదాం అమ్మాయ్" అన్నాడు. ఆ సాయంత్రం జ్వరం దిగింది. మళ్లీ రాలేదు, జ్వరమూ ఆయనా.

దిండుకు ఆనుకుని కూర్చునేపాటి ఓపిక వచ్చాక అక్కని నిలదీశాను.

"బాబాయి రోజూ వచ్చి అంతంత సేపు చదివిపెడితే, ఒక్క కప్పు టీ అయినా ఇచ్చావా, లేక గుర్రు పెట్టి నిద్రపోయావా?"

"ఏ బాబాయే?"

"కామా బాబాయి. పోనీ చదివింది నువ్వా ఏంటి?"

"నేనా? నా కళ్లజోడు మా ఇంట్లోనే మర్చిపోయి వచ్చాను. నీ మాత్రల పేర్లే మీ ఆయన చేత చదివించుకుంటున్నా" అంది. అని, గుమ్మంలో నిలబడ్డ మా ఆయనకేసి చూసింది.

ఆయన వచ్చి మంచం చివర కూర్చున్నారు. షాపు నుంచి అప్పుడే వచ్చారేమో, కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది.

"నువ్వు ఆస్పత్రిలో చేరిన వారంలోనే బాబాయి పోయారు. నిద్రలోనే. నీకప్పుడు చెప్పే పరిస్థితి కాదు."

ముందు వాళ్లిద్దరి మీదా కోపం వచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత ఏడ్చాను. ఏడుపు తగ్గాక, మరి నాకు రోజూ చదివిపెట్టింది ఎవరని అడిగాను.

"జ్వరంలో అలాంటివి మామూలేనే," అంది అక్క నా వీపు రాస్తూ. "మా పెద్దాడు పుట్టినప్పుడు నాకు గది నిండా మేకలు కనిపించాయి. డాక్టరమ్మని పక్కకి జరిగి దారివ్వమన్నాను కూడా."

"నీ బుర్రే కథ అల్లి ఉంటుంది. చదవలేకపోతున్నానని బాధపడుతున్నావుగా," అన్నారు మా ఆయన.

మాట సబబుగానే ఉంది. కానీ అదే నిజమైతే నేను విన్నది ఆ నవల కాదు, నాకు చదువు తిరిగి రానూ లేదు. నిజం కాకపోతే ఏమనుకోవాలో తలుచుకోవడానికే ధైర్యం చాలలేదు. పుస్తకం తెరిస్తే తేలిపోతుంది. తెరవలేదు. కరిచే కుక్క పక్కన పడుకున్నట్టు ఆ స్టూలుకేసి ఓరగా చూస్తూ గడిపాను.

చివరికి ఒక మధ్యాహ్నం మందుల పెట్టె పక్కకు తీసి పుస్తకం అందుకున్నాను. కాగితం ముక్క నేను పెట్టిన చోటే ఉంది. అక్కడి నుంచి ఒక లైను వెనక్కి వెళ్లాను. ఆమె తాళంచెవి కొంగున ముడివేసుకుంది, కామా.

ప్రతి మాటా విన్నదే. పేజీ తిప్పాను, మళ్లీ తిప్పాను. నేనెన్నడూ కంటితో చూడని పేజీలు నాకు కంఠతా వచ్చినట్టున్నాయి. ఆయన దగ్గిన చోటికి వచ్చాను. అక్కడ ఒకే లైను కిందా మీదా రెండుసార్లు అచ్చయి ఉంది. పుస్తకం దిండు కింద కుక్కి, దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను.

ముసుగులో ఉండగానే ఇంకో సంగతి తట్టింది. ఇంతసేపూ నేను చదివాను. చదువుతున్నానన్న ధ్యాస లేకుండా చదివాను. ఆవిడ మెట్ల మీద తూలినప్పుడు నా చెయ్యి మంచం కోడు పట్టుకుంది. భయమూ సంతోషమూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి, దేనికి చోటివ్వాలో నాకు తెలియలేదు.

లేచి కూర్చుని, పైన చప్పుడు ఆగిపోయిన చోటిదాకా చదివాను. ఇక మిగిలింది ఆఖరి అధ్యాయం. అది బాబాయి చదవలేదు, నేను వినలేదు. ఒంటరిగా వెళ్లాలి. వెళ్లడానికి మనసొప్పలేదు. ఇన్నేళ్లూ ఆయన నా ఎదుట కూర్చుని గొంతు ఎండబెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ కూడా నన్ను మధ్యలో వదలకుండా ఇక్కడిదాకా తెచ్చి దింపాడు. వెనక్కి తిరిగి ఒక్కసారైనా ఆయన మొహం చూడలేదే నేను.

కుర్చీ వెనకే ఉండేలా గోడవైపు తిరిగి కూర్చున్నాను.

"ఇవాళ నేను చదువుతాను బాబాయ్," అన్నాను. "పెన్సిలు మీరు పట్టుకోండి."

ఒక లైను వెనక్కి వెళ్లి పైకి చదవడం మొదలుపెట్టాను, కామాలతో, ఫుల్‌స్టాపులతో. గొంతు బొంగురుగా వచ్చింది. పక్క గదిలోంచి అక్క గురక సన్నగా వినిపిస్తోంది. లాడ్జి ఆవిడ గది తలుపు తోసింది కామా లోపల మంచం నలగకుండా ఉంది కామా. ఒక పేజీ అయింది, రెండో పేజీలో కళ్లు అలిసిపోయి, ఒక లైను వదిలేసి కింది లైనులోకి జారిపోయాను. జారిన సంగతి నాకు తెలియనే లేదు.

నా వెనక రెండు చిన్న దగ్గులు వినిపించాయి.

నేను తిరగలేదు. చెంపల మీద కారుతున్నది తుడుచుకోనూ లేదు. ఒక లైను వెనక్కి వెళ్లి, మళ్లీ మొదలుపెట్టాను.